తలుపు పడుకునేంత వసారా

జూన్ 10

చిట్టీ,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న రెండో తేదీ ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "అత్తా, ఇంటికి వసారా ఎందుకో చెప్పు" అని అడిగావు. నేను "కూర్చోడానికి" అన్నాను. "ఆ మాత్రం మా ఆఫీసరుకీ తెలుసు, ఇంకేదైనా చెప్పు" అన్నావు. నా సంగతి నీకు తెలుసు. ఎవరైనా నిలబెట్టి అడిగితే వచ్చిన మాట కూడా లోపలికి పోతుంది. గిన్నెలు కడుగుతున్నప్పుడు నింపాదిగా తిరిగొస్తుంది. అప్పటికి అడిగినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. అందుకని కలం పట్టాను. కాగితం నన్ను తొందరపెట్టదు.

ముందు నాకు అర్థమైంది సరైందో కాదో చూసుకో. మిల్లులో పనిచేసేవాళ్ల కోసం కట్టబోయే అరవై ఇళ్లకు నువ్వు ప్లాను గీశావు. నీ చేత్తో గీసిన మొదటి సొంత ప్లాను అది. ప్రతి ఇంటి ముందూ ఒక వసారా పెట్టి, దాని మీద పోర్చ్ అని రాశావు. మీ ఆఫీసరు ఎర్ర సిరాతో అరవైనీ కొట్టేసి, "వీళ్లకి కార్లు లేవుగా, పోర్చ్ దేనికి?" అన్నాడు. ఇరవై ఎనిమిదో తేదీ మీటింగులో కారణాలు కాగితం మీద చూపించకపోతే వసారాలు లేకుండానే ప్లాను ఖాయమైపోతుంది. ఇంతే కదా?

నేను హైస్కూలుతో ఆగిపోయినదాన్ని. కారణాలు రాయడం రాదు. చూసింది రాయడం వచ్చు. అందుకని వారం రోజులు తలుపు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, మన వసారాలో ఏం జరిగితే అది రాశాను.

సోమవారం ఎదురింటి నర్సు డ్యూటీ దిగి వచ్చి, తాళంచెవి మరిచిపోయానంటూ మన వసారాలో కూర్చుంది. లోపలికి రమ్మన్నాను. "చెప్పులు విప్పే ఓపిక కూడా లేదండీ" అంది. స్తంభానికి ఆనుకుని గంటన్నర నిద్రపోయింది. లోపలికి వచ్చి ఉంటే మర్యాదకి నాతో మాట్లాడాల్సి వచ్చేది, నిద్రపోయేది కాదు.

మంగళవారం వాన. గొడుగు లేనివాళ్లు ఏడుగురు ఎక్కారు. అందులో నలుగురెవరో నాకు తెలియదు. వాళ్లు నన్ను అడగలేదు, నేను పిలవలేదు. వాన తెరిపిచ్చాక వెళ్లిపోయారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ కుర్చీని మళ్లీ గోడవారకి జరిపి వెళ్లాడు.

బుధవారం పక్కింటి మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారు. లోపల ఉన్నంతసేపూ గిన్నెలు ఎగిరాయి. వాళ్ల వసారాలోకి రాగానే గొంతులు సగానికి పడిపోయాయి, వీధి వింటుందిగా. సగం గొంతుతో ఎంతసేపని పోట్లాడతారు? కాసేపటికి ఆవిడకే నవ్వొచ్చింది. "నీ మొహం, నీకు అరవడం కూడా సరిగ్గా రాదు" అంది.

గురువారం ఏమీ జరగలేదు. అదీ రాయాలి కదా. ప్రార్థన చేసుకుని, బఠాణీలు వలుచుకుంటూ కూర్చున్నాను. దారిన పోతూ పదకొండు మంది పలకరించారు. అవే బఠాణీలు వంటింట్లో వలిచి ఉంటే ఆ పదకొండు మందికీ నేను బతికున్నట్టు తెలిసేది కాదు.

ఇక కొలత సంగతి. నువ్వు నాలుగడుగుల వెడల్పు గీశానన్నావు. నాలుగడుగులంటే అది నడిచిపోయే దారి, వసారా కాదు. గోడకి ఆనుకుని ఒక మనిషి కాళ్లు బార్లా చాపుకుని కూర్చోవాలి. ఆ కాళ్ల అవతలినుంచి ఇంకో మనిషి నీళ్ల బక్కెట్టు పట్టుకుని, వీళ్ల మీద ఒక్క చుక్క పడకుండా, వీళ్లని కాళ్లు ముడుచుకోమనకుండా వెళ్లిపోవాలి. అంత ఉంటే అది వసారా. మనది ఏడడుగులు. నువ్వు చిన్నప్పుడు లెక్కలు చేసుకుంటూ బోర్లా పడుకుంటే, నిన్ను దాటకుండానే నేను రోజుకి పదిసార్లు తిరిగేదాన్ని. గుర్తుందా?

ప్లాను మీద పోర్చ్ అని రాయకు. మీ ఆఫీసరుకి ఆ మాట వినగానే కారు కనబడుతోంది. మనిషి కనబడేలా రాయి.

దేవుడు నీ చేతికి ధైర్యం ఇవ్వాలి.

నీ అత్త

*(విడి కాగితం)*

ఈ కాగితం నీ ఒక్కదానికే.

శుక్రవారం సంగతి పైన రాయలేదు. శుక్రవారం సాయంత్రం మన వసారాలోకి మీ నాన్న వస్తాడు. ఈ వారమే కాదు, పదేళ్లుగా.

గొడవ నీకు తెలిసిందే. మా ఇంటి తలుపు అన్నయ్య నలభై రోజులు కూర్చుని చేసినది. పదకొండేళ్ల కిందటి పెద్ద వానలకి అది ఉబ్బి బిగుసుకుపోయింది. "ఆగండి, కర్ర ఆరితే దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు అన్నయ్య. మీ మామయ్య ఆగలేదు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, ఏది ఆగిపోయినా విప్పి చూడకుండా ఉండలేరు. ఎక్కడినుంచో చిత్రిక తెచ్చి తలుపు అంచు గీకేశారు. ఎండలొచ్చాక తలుపు సర్దుకుంది, పక్కన వేలు దూరేంత సందు మిగిలింది. అన్నయ్య వచ్చి ఆ సందు చూశాడు. "నా చేతి పనికి క్షవరం చేశారన్నమాట. ఈ తలుపు ఇలా ఉన్నంతకాలం ఈ గుమ్మం దాటి లోపలికి రాను" అన్నాడు. "ఎవరు రమ్మన్నారు?" అన్నారు మీ మామయ్య.

ఏడాది తిరిగేసరికి ఒక శుక్రవారం అన్నయ్య వచ్చి వసారాలో కూర్చున్నాడు. నేనేమీ అడక్కుండానే, "వసారా ఇంటి లోపలి కింద లెక్క కాదు" అన్నాడు. టీ ఇచ్చాను, తాగి వెళ్లాడు. అప్పటినుంచీ అంతే. ఈయన లోపల కిటికీ దగ్గర కూర్చుంటారు. "ఆ గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని చెప్పు" అంటాడు అన్నయ్య నాతో. "వెనకా లేదు, ముందూ లేదని చెప్పు" అంటారు ఈయన లోపలినుంచి. నేనేం చెప్పక్కర్లేదు. ఇద్దరికీ వినబడుతూనే ఉంటుంది.

నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. "పిల్ల నాకోసం ఆ ఇంటికి వెళ్లడం మానేసింది. నేనే వెళ్తున్నానని తెలిస్తే దాని ముందు తలెత్తుకోగలనా?" అన్నాడు. ఇవాళ ఆ ఒట్టు తప్పాను. పొద్దున దేవుడికి చెప్పుకున్నాను. ఏం చెయ్యను, నువ్వు అడిగినదానికి నా దగ్గరున్న అసలు జవాబు ఇదొక్కటే. వసారా లేకపోతే మీ నాన్న వీధిలో ఉండిపోయేవాడు, నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని.


జూన్ 15

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. పక్క సీటావిడ "ఎవరైనా పోయారా?" అని అడిగింది. పోలేదు, కోపమొచ్చింది.

పదకొండేళ్లు అత్తా. నాన్న మాట పడిపోకూడదని మీ వీధిలోంచి వెళ్లే బస్సు కూడా ఎక్కలేదు నేను. ఇంకో బస్సెక్కి చుట్టూ తిరిగి బడికి వెళ్లాను. అమ్మ ఫోనులోంచి నీకు దొంగతనంగా ఫోన్ చేసి గుసగుసలాడేదాన్ని. ఆయనేమో ప్రతి శుక్రవారం కలప అడితికి వెళ్తున్నానని చెప్పి వెళ్లేవాడు. అడితి ఊరికి ఆ చివర, మీ ఇల్లు ఈ చివర. అమ్మకి తెలుసా? తెలిసే ఉంటుంది. అందరికీ తెలుసు, నేనొక్కదాన్నే రోషంగా బతికాను.

సరే, కోపం ఇక్కడితో ఆపుతున్నాను. పని చాలా ఉంది.

నీ బక్కెట్టు లెక్క నా రూమ్మేట్ మీద ప్రయోగించాను. అది తాటిచెట్టంత పొడుగు. నేలమీద సుద్దతో గీతలు గీసి, దాన్ని గోడకి కూర్చోబెట్టి నీళ్లు మోశాను. నాలుగడుగులకి దాని ఒళ్లు తడిసింది. ఐదున్నరకి పాదాలు తడిశాయి. "ఏడుకి ఒప్పేసుకుని నన్ను వదిలెయ్యవే" అంది. ఏడుకి చుక్క పడలేదు. నాలుగేళ్లు చదువుకున్న నేను నాలుగడుగులు గీశాను. నువ్వు బఠాణీలు వలుస్తూ ఏడని చెప్పావు. నాకు సిగ్గేసింది, గొప్పగానూ అనిపించింది. మా అత్త అని రూమ్మేట్‌కి పదిసార్లు చెప్పాను.

ప్లాను ఏడడుగులకి మార్చాను. ఇంకొక్కటి కావాలి. మంచం, బీరువా లాంటివి వసారాలో తిప్పి లోపలికి తీసుకెళ్లే చోటుందో లేదో చూపించమన్నారు. మీ ఇంటి తలుపు ఎత్తు, వెడల్పు కొలిచి పంపు. త్వరగా.

చిట్టి


జూన్ 22

చిట్టీ,

నీ కోపం న్యాయమైనదే. మీ అమ్మకి మొదటినుంచీ తెలుసు. శుక్రవారం శుక్రవారం ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పెడుతుందట. అడితికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరు వెళ్తారు? నీకు చెప్పకపోవడం నా తప్పే. అన్నయ్య పరువు కాపాడుతున్నాననుకున్నాను, నీ రోషం అంత దూరం నడుస్తోందని తెలుసుకోలేదు.

ఇప్పుడు ఇంకో తప్పు చేశాను. తలుపు కొలవడానికి మీ మామయ్య టేపు వెతికాను. దొరకలేదు. నిన్న అన్నయ్య వస్తే ఆయన జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది కదా అని, "అన్నయ్యా, ఒకసారి టేపు ఇస్తావా, తలుపు కొలవాలి" అన్నాను.

"తలుపు ఎందుకు కొలవడం?" అన్నాడు.

నీకోసమని చెప్తే ఒట్టు తప్పిన సంగతి బయటపడుతుంది. "ఊరికే" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు వస్తేగా, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూశాను. టేపు తీసి కుర్చీ చేతిమీద పెట్టాడు. "ఇప్పుడు అన్నీ ఇనప తలుపులే పెడుతున్నారు. గట్టిగా ఉంటాయి. వానకి ఉబ్బవు" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. టీ తాగలేదు. పదేళ్లలో టీ తాగకుండా వెళ్లడం ఇదే మొదలు.

ఆయన చేసిన తలుపు తీసేసి కొత్తది పెడుతున్నామనుకున్నాడు. వెనకాలే పిలుద్దామనుకునేసరికి మలుపు తిరిగిపోయాడు.

కొలతలు: ఎత్తు ఆరున్నర అడుగులు. వెడల్పు మూడుకి అర అంగుళం తక్కువ. గుమ్మం నుంచి వసారా అంచుకి ఏడు. టేపు ఇంకా కుర్చీ చేతిమీదే ఉంది.

అత్త


జూన్ 29

చిట్టీ,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. నిన్న శుక్రవారం. అన్నయ్య రాలేదు. అయినా టీ పెట్టాను. కప్పు వసారాలో కుర్చీ పక్కనే చల్లారిపోయింది. మీ మామయ్య కిటికీ దగ్గర కూర్చుని, "ఇవాళ గడియారం కరెక్టుగానే ఉందని చెప్పు" అన్నారు. బయట ఎవరూ లేరని ఆయనకీ తెలుసు.

నిన్ననే నీ మీటింగు. ఏమైందో నాకు తెలియదు. నీకోసమూ అన్నయ్యకోసమూ ఒకే ప్రార్థన చేశాను. ఇద్దరికీ వసారానే అడిగాను కాబట్టి దేవుడికి శ్రమ ఉండదనుకుంటాను.

అత్త


జూలై 1

అత్తా,

ముందు తప్పు ఒప్పుకుంటాను, తర్వాత శుభవార్త.

కారణాలకి బదులు నీ ఉత్తరాన్నే ఫైలులో పెట్టేటప్పుడు విడి కాగితం కూడా అదే పిన్నులో పడిపోయింది. చూసుకోలేదు. మీటింగులో మా ఆఫీసరు చదవడం మొదలుపెట్టాడు. నర్సు దగ్గర తల ఆడించాడు. బక్కెట్టు దగ్గర "ఊఁ" అన్నాడు. తర్వాత ఆఖరి కాగితం తిప్పాడు. అందరూ ఆయనవైపే చూస్తున్నారు. ఆయన చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి, ఆ కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"ఇది ఫైలులో ఉండాల్సింది కాదమ్మా" అన్నాడు.

"తెలుసు సార్. పొరపాటున పడింది."

"ఇంతకీ ఆ తలుపు సందు ఇంకా అలాగే ఉందా?"

"తెలీదు సార్. నేను వెళ్లి పదకొండేళ్లయింది."

ఆయన ఎర్ర సిరా పెన్ను తీసి, మొదటి ఇంటి మీద తను కొట్టేసిన గీత పక్కన "ఉంచవలెను" అని రాశాడు. పోర్చ్ అన్నది కొట్టేసి వసారా అని రాశాడు. "మిగతా యాభై తొమ్మిదీ నువ్వు దిద్దుకో" అన్నాడు. ఏడడుగులు అత్తా. ఒక్క అంగుళం తగ్గించలేదు. బదులుగా వంటింటి అలమర ఒకటి పీకేశాడు, దానికోసం ఇంకో ఉత్తరం రాయించుకుంటాను.

ఇక నాన్న సంగతి. నీ ఇరవై రెండో తేదీ ఉత్తరం చూడగానే ఫోన్ చెయ్యాలనుకున్నాను. మీటింగు భయంలో ఆగాను. ఇవాళ పొద్దున చేశాను.

"నాన్నా, అత్త తలుపు మార్చడం లేదు. కొలత అడిగింది నాకోసం" అన్నాను.

ఫోనులో వినబడుతున్న చిత్రిక చప్పుడు ఆగింది. తర్వాత, "ఆ తలుపు కొలత కావాలంటే నన్నడగాలి. చేసింది నేను" అన్నాడు.

"సరే, ఎంత?"

"ఆరున్నర, మూడు. పదకొండేళ్లుగా మూడుకి అర అంగుళం తక్కువ."

టేపు పెట్టకుండా చెప్పాడు. మీ అన్నాచెల్లెళ్ల లెక్కలో అణువంత తేడా లేదని నవ్వొచ్చింది. అప్పుడు అడిగాడు, "నేనక్కడికి వెళ్తానని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మీ అత్తకీ అబద్ధం చేతకాదు, నీకూ చేతకాదు" అని పెట్టేశాడు.

కోపమొచ్చిందో లేదో నాకు తెలియలేదు. నీ ఒట్టు నావల్ల పూర్తిగా బయటపడింది. నన్ను తిట్టు.

చిట్టి


జూలై 6

చిట్టీ,

తిట్టను. కూర్చుని నిదానంగా చదువు.

నిన్న సాయంత్రం అన్నయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా కాదు, పని చొక్కా. భుజాన పనిముట్ల సంచి. కుర్చీలో కూర్చోలేదు. టేపు తీసి జేబులో వేసుకుని, "తలుపు విప్పుతున్నాను. అడ్డుండేవాళ్లు తప్పుకోండి" అన్నాడు.

లోపల అడ్డుండేది మీ మామయ్య ఒక్కరే. ఆయన కిటికీ దగ్గర్నుంచి లేచి గుమ్మందాకా వచ్చారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. దేవుణ్ణి తలుచుకుంటూ స్తంభం పట్టుకున్నాను.

పై బందు మర తుప్పు పట్టి తిరగలేదు. అన్నయ్య రెండుసార్లు ప్రయత్నించాడు. ఈయన జేబులోంచి ఏదో తీశారు.

"గడియారం స్క్రూడ్రైవరుతోనా?" అన్నాడు అన్నయ్య.

"తిరక్కపోతే అప్పుడు నవ్వు, బావా."

ఒక చుక్క నూనె వేసి, చెవి ఆనించి వింటున్నట్టు నిలబడి, మెల్లగా తిప్పారు. తిరిగింది. అన్నయ్య నవ్వలేదు. "నూనె బాగుంది" అన్నాడు. పదకొండేళ్ల తర్వాత నేను మధ్యలో లేకుండా వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలివి. నూనె గురించి.

ఇద్దరూ చెరోవైపు పట్టి తలుపును తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. గోడనుంచి అంచువైపు చక్కగా పట్టి ఇంకా అర అడుగు మిగిలింది. అన్నయ్య మోకాళ్లమీద కూర్చుని తలుపుని చేత్తో నిమురుతూ, "వసారా ఇంత ఉండాలని మేస్త్రీకి చెప్పింది నేనే. తలుపు పడుకునేంత చోటు లేకపోతే రేపు బాగుచెయ్యాల్సి వచ్చినప్పుడు ఎక్కడ పెట్టుకుంటామని" అన్నాడు.

చూశావా? ఇన్నేళ్లూ నేను కాళ్లూ బక్కెట్టూ అనుకున్నాను. మీ నాన్న తలుపనుకున్నాడు. ఎవరి కొలత వాళ్లదే, ఏడడుగులు మాత్రం ఒకటే.

సంచిలోంచి సన్నటి బద్ద ఒకటి తీశాడు. ఎండి నల్లబడింది. తలుపు చేసినప్పుడు మిగిలిన అదే కర్ర ముక్క. పారెయ్యకుండా ఇంతకాలం దాచాడు. అడగలేదు నేను, చూస్తే తెలిసిపోయింది. జిగురు పూసి, అంచుకి బిగించి, ఆరేదాకా ఇద్దరూ రెండు చివర్లూ నొక్కిపట్టి కూర్చున్నారు. అంతసేపూ గుమ్మం బార్లా తెరిచే ఉంది, అయినా అన్నయ్య కాలు లోపల పెట్టలేదు. తలుపు ఇలా ఉన్నంతకాలం అన్నాడుగా, ఇంకా పని పూర్తి కాలేదు.

తలుపు ఎక్కించి మూశారు. ఈయన లోపల, అన్నయ్య బయట, మధ్యలో తలుపు.

"వెలుగు కనబడుతోందా?" అన్నాడు అన్నయ్య.

"వెంట్రుక కూడా దూరదు, బావా" అన్నారు ఈయన లోపలినుంచి.

అప్పుడు అన్నయ్య చొక్కాకి చేతులు తుడుచుకుని, పరాయి ఇంటికి వచ్చినవాడిలా తలుపు తట్టాడు. మెల్లగా, రెండుసార్లు. ఈయనే తీశారు. అన్నయ్య లోపలికి వచ్చాడు. నేరుగా గోడ గడియారం దగ్గరికి వెళ్లి, తన చేతి గడియారం పక్కన పెట్టి చూశాడు.

"రెండు నిమిషాలు వెనకుంది" అన్నాడు.

ఈయన కుర్చీ ఎక్కి ముల్లు రెండు నిమిషాలు ముందుకి జరిపారు. నిజానికి ఆ గడియారం వెనక లేదని నాకు తెలుసు. అన్నయ్యకీ తెలుసనుకుంటాను.

ఐదు నిమిషాలు కూర్చున్నాడో లేదో, "లోపల ఉక్కగా ఉంది" అని మళ్లీ వసారాలోకి వచ్చేశాడు. ఈయన కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. ఇద్దరూ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకున్నారు. నీ ప్లాను సంగతి చెప్పాను. "అరవై ఇళ్లా? మా పిల్లా?" అని ఈయన్ని మోచేత్తో పొడిచాడు. జేబులో టేపు తడుముకుంటూ, "మరి అరవై తలుపులు ఎవరు చేస్తున్నారట?" అన్నాడు. మీ ఆఫీసరుకి చెప్పి చూడు. ఇనప తలుపులంటే మాత్రం మీ నాన్న ఇక్కడ బతకనివ్వడు.

టీ తెచ్చాను. నాలుగు కాళ్ల అవతలినుంచి, ఒక్కళ్లనీ ముడుచుకోమనకుండా నడిచాను. కప్పులోంచి చుక్క ఒలకలేదు. జీవితంలో నేను పెద్దగా సాధించింది ఏమీ లేదు చిట్టీ, కానీ నిన్న ఆ ఏడడుగుల్లో నడిచినప్పుడు నాకు తల కొంచెం పైకే ఉంది.

శుక్రవారం రా. మా వీధి బస్సే ఎక్కు.

ఈ కాగితాలు దాచుకో. ఈసారి వేటికీ పిన్ను పెట్టకు, ఎవరికీ చూపించకు. బద్ద దాచిన సంగతీ, గడియారం సంగతీ నేను రాశానని మీ నాన్నకి కూడా తెలియనివ్వకు. అరవై ఇళ్లవాళ్లకి ఏడడుగులు చాలు, మిగతాది మనింట్లోనే ఉండనీ.

నీ అత్త